రేచర్ల రుద్రుడికి విగ్రహం పెట్టించాలంటే

రామప్ప గుడి చూసి వచ్చినవాళ్లను ఆ గుడి ఎవరు కట్టించారని అడగండి. రామప్ప అని కొందరు, గణపతిదేవుడని కొందరు, రుద్రమదేవి అని మరికొందరు చెబుతారు. గుడి ఆవరణలోని శాసన స్తంభం మాత్రం ఒకే పేరు చెబుతుంది: రేచర్ల రుద్రుడు, గణపతిదేవుడి సేనాపతి. శక సంవత్సరం 1135, శ్రీముఖ నామ సంవత్సరం, చైత్ర శుద్ధ అష్టమి, ఆదివారం. అంటే 1213. గుడి కట్టించడం ఒక ఎత్తు, అంతకు ముందు ఆయన చేసింది మరో ఎత్తు. దేవగిరి యాదవులతో యుద్ధంలో కాకతీయ మహాదేవుడు మరణించాడు. కొడుకు గణపతిదేవుడు శత్రువుల చెరలో పడ్డాడు. సింహాసనం మీద రాజు లేని ఆ కాలంలో సామంతులు తలో దిక్కుకు పోకుండా ఓరుగల్లు రాజ్యాన్ని నిలిపినవాడు రుద్రుడే. 1199లో గణపతిదేవుడు తిరిగి వచ్చేసరికి ఆయనకు ఏలడానికి ఒక రాజ్యం మిగిలి ఉంది.

ఆ గుడిని చూడటానికి దేశదేశాల నుంచి జనం వస్తున్నారు. ఆ సేనాని పేరు చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకే తెలియదు. ఇది నాకు కష్టంగా ఉంటుంది. మీకూ అలాగే అనిపించి, మీ ఊళ్లోనో మండల కేంద్రంలోనో హనుమకొండలోనో ఆయనకు ఒక విగ్రహం ఉండాలనుకుంటే, ఏ పని ముందు చేయాలో ఏది తర్వాత చేయాలో ఇక్కడ రాస్తున్నాను. రుద్రుడిని ఉదాహరణగా తీసుకున్నాను గానీ, రుద్రమదేవితో పాటు మరణించినట్టు 1289 నాటి చందుపట్ల శాసనం చెప్పే మల్లికార్జున నాయకుడికైనా, మరుగున పడిన ఇంకే సేనానికైనా దారి ఇదే.

ఆధారాల ఫైలు

చందాల పుస్తకం అచ్చు వేయించే ముందు ఈ ఫైలు తయారు కావాలి. కలెక్టరు మొదలు పత్రికా విలేకరి దాకా ప్రతి ఒక్కరూ మొదట అడిగేది “ఈయన ఎవరు, రుజువేది” అనే. అప్పుడు తడబడితే మీ మాట రెండోసారి వినరు.

రామప్ప గుడి ఉన్న ఊరు పాలంపేట. అందుకే ఆ స్తంభం మీది శాసనాన్ని పాలంపేట శాసనం అంటారు. అది సంస్కృత పద్యాల్లో ఉంది. దాన్ని నిజాం కాలంలోనే హైదరాబాద్ పురావస్తు శాఖ అచ్చు వేసింది. తర్వాత వచ్చిన వరంగల్ జిల్లా శాసనాల సంపుటి కూడా చూడాలి. వీటి కోసం కాకతీయ విశ్వవిద్యాలయం చరిత్ర విభాగానికి వెళ్లండి. హనుమకొండలో 1904లో పుట్టిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయంలోనూ, అవసరమైతే హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లోనూ వెతకండి. శాసనం చదవగలిగిన పండితుడిని ఒకరిని వెతికి పట్టుకుని, ఒక్క రోజైనా పాలంపేటకు వెంటబెట్టుకుని వెళ్లండి. స్తంభం ముందు నిలబడి ఆయన చదువుతుంటే పక్కన కూర్చుని రాసుకోండి.

ఫైల్లో మూడు గళ్లు గీయండి: శాసనం చెప్పేది, చరిత్రకారులు చెప్పేది, జనం చెప్పుకునేది. ‘కాకతిరాజ్యభారధౌరేయ’ (కాకతి రాజ్య భారాన్ని మోసినవాడు) అనే బిరుదు, ప్రతిష్ఠ జరిగిన తిథి మొదటి గడిలోకి వెళతాయి. గణపతిదేవుడు చెరలో ఉన్నప్పుడు రాజ్యాన్ని కాపాడాడన్నది బిరుదులనూ, ఆ కాలపు ఇతర శాసనాలనూ కలిపి చరిత్రకారులు తేల్చిన మాట. అది రెండో గడి. శిల్పి రామప్ప పేరే గుడికి వచ్చిందన్నది మూడోది. మూడో గడిలోని మాటను మొదటి గడిలో ఉన్నట్టు చెప్పిన రోజు మీ ఉద్యమం బలహీనపడుతుంది. ఇంకొక సంగతి గుర్తుంచుకోండి. ఆ శాసనాన్ని వేయించింది రుద్రుడే. తన వాళ్లు తనను పొగిడిన పద్యాలవి. అందుకే ఆయన యుద్ధ విజయాల గురించి రాసేటప్పుడు “శాసనం ప్రకారం” అనే రెండు మాటలు చేర్చండి. దానివల్ల ఆయన గొప్పతనం ఏమీ తగ్గదు, మీ మీద నమ్మకం పెరుగుతుంది.

పేర్ల గందరగోళం తప్పకుండా వస్తుంది. 1163లో వేయిస్తంభాల గుడి కట్టించిన కాకతీయ రుద్రదేవుడు వేరు. ఆయన రాజు, గణపతిదేవుడికి పెదనాన్న. రుద్రమదేవి గణపతిదేవుడి కూతురు. రేచర్ల రుద్రుడు సేనాపతి. ఈ ముగ్గురినీ ఒకే పేజీలో వరసగా పెట్టి, ఎవరు ఎప్పుడు ఏం చేశారో నాలుగు వాక్యాల్లో రాసి కరపత్రం వేయండి. ఆ కరపత్రం మీకు సభలకన్నా ఎక్కువ పని చేసి పెడుతుంది.

రుద్రుడి విగ్రహం ఇప్పటికే ఎక్కడైనా ఉందా, ఎవరైనా ముందే అర్జీ పెట్టి ఉన్నారా అన్నది కూడా ఈ దశలోనే తెలుసుకోవాలి. కార్పొరేషన్‌కు, రోడ్లు భవనాల శాఖకు, సంబంధిత పంచాయతీకి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు 30 రోజుల గడువు. పాత అర్జీ ఏదైనా ఉంటే ఆ పెట్టినవాళ్లను కలుపుకుని పోండి. ఒకే పేరుతో రెండు కమిటీలు పుడితే రెండూ వీధిన పడతాయి.

పేరు ముందు, విగ్రహం తర్వాత

నేను గట్టిగా నమ్మే మాట ఇది. ఎవరో తెలియని మనిషికి విగ్రహం కట్టించి పెడితే జనం దాన్ని అడ్రసు చెప్పుకోవడానికి వాడుకుంటారు, అంతే. కాబట్టి అనుమతి కోసం తిరగడానికి ముందు కనీసం ఒక ఏడాది పేరు కోసం పని చేయండి.

బడులతో మొదలుపెట్టండి. ఊరి చివర ఎక్కడో ఒక వీరగల్లు ఉంటుంది, కత్తీ డాలూ పట్టుకున్న వీరుడి రాయి. ఉత్తర తెలంగాణలో ఇలాంటివి ఎన్నో. పిల్లలను దాని దగ్గరికి తీసుకెళ్లి, ఇది ఎవరో పోరాడి చనిపోయినవాడి గుర్తు అని చెప్పండి. ఆ వీరుడి చేతిలోని కత్తి ఎలా ఉంది, జుట్టు ఎలా ముడి వేశాడు, నడుముకు ఏం కట్టాడు అని వాళ్లనే చూసి చెప్పమనండి. అక్కడి నుంచి రుద్రుడి కథలోకి వెళ్లండి. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం, నవంబరు 19 నుంచి 25 వరకు వారసత్వ వారోత్సవాలు. ఆ రోజుల్లో పత్రికల జిల్లా పేజీలు ఇలాంటి వార్తల కోసం చూస్తుంటాయి. రామప్పలో పర్యాటకులకు గుడి చూపించే గైడ్లను కలిసి, తొలి వాక్యంలోనే రుద్రుడి పేరు చెప్పమని కోరండి. 2021 జులైలో యునెస్కో ఇచ్చిన గుర్తింపు కూడా ‘కాకతీయ రుద్రేశ్వర ఆలయం’ అనే పేరు మీదే వచ్చింది. ఆ పేరులోని రుద్రుడు ఎవరో చెప్పడానికి ఇంతకన్నా మంచి సందు దొరకదు.

ట్యాంక్‌బండ్ మీది విగ్రహాల వరసలో తెలంగాణవాళ్లు ఎందరని మన ప్రాంతం ఏళ్ల తరబడి అడిగింది. ఆ ప్రశ్న అడగడం తెలిసిన జనం మధ్యనే మీరు పని చేస్తున్నారు. సరిగ్గా చెబితే వింటారు.

ఎదురయ్యే రెండు కష్టమైన ప్రశ్నలు

మొదటిది మేడారం. ములుగు జిల్లాలో కాకతీయ సేనాపతికి విగ్రహం అనగానే, సమ్మక్క సారలమ్మలతో యుద్ధం చేసింది కాకతీయ సైన్యమే కదా అని కోయ పెద్దలు అడగవచ్చు. అడగడం న్యాయం. జనం చెప్పుకునే కథ ప్రకారం ఆ యుద్ధం ప్రతాపరుద్రుడి కాలంలో, కరువులో కప్పం దగ్గర వచ్చింది. రేచర్ల రుద్రుడు దాదాపు నూరేళ్ల ముందటివాడు. కానీ తేదీల లెక్క చెప్పి వాదన గెలిచానని అనుకోవద్దు. కమిటీ ఏర్పడక ముందే వెళ్లి వాళ్ల మాట వినండి, ఏ ఊళ్లో పెడితే వాళ్లకు నొప్పి కలగదో అడగండి. ములుగు జిల్లాలో చాలా గ్రామాలు షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్నాయి. అక్కడ గిరిజన ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం ప్రకారం గ్రామసభ మాటకు విలువ ఉంది, భూమి చట్టాలూ వేరు. గ్రామసభ వద్దంటే ఆ ఊరు వదిలేయండి. ఒక వీరుడిని గౌరవించడానికి మరో వీరగాథను తొక్కుకుంటూ పోనక్కరలేదు.

రెండోది కులం. రేచర్ల అనే పేరు కాకతీయుల కాలపు రెడ్డి సామంతులకూ ఉంది, తర్వాత రాచకొండ ఏలిన పద్మనాయకులకూ ఉంది. మీ ప్రయత్నం పత్రికలో పడగానే ఏదో ఒక సంఘం ఖర్చంతా మేమే భరిస్తామని వస్తుంది. చందా తీసుకోండి, ఇతరులిచ్చినంతే తీసుకోండి. పీఠం మీద సంఘం పేరు గానీ, కమిటీలో సంఘం కోటా గానీ వద్దు. రుద్రుడు కాపాడింది ఒక కులాన్ని కాదు కాబట్టి ఈ విషయంలో మెత్తబడవద్దు.

కమిటీ, డబ్బు

2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదుకు కనీసం ఏడుగురు కావాలి. ఆ ఏడుగురిలో చరిత్ర మాస్టారు ఒకరు, న్యాయవాది ఒకరు, రోడ్లు భవనాల శాఖలో పనిచేసి రిటైరైన ఇంజనీరు ఒకరు ఉంటే సగం పని అయినట్టే. విగ్రహం పెట్టబోయే ఊరివాళ్లు తప్పకుండా ఉండాలి. ఆడవాళ్లను ఫొటోల కోసం కాకుండా బాధ్యతల్లో పెట్టండి. అధ్యక్ష పదవి ఏ పార్టీ నాయకుడికీ ఇవ్వకండి. మద్దతు లేఖలు మాత్రం అన్ని పార్టీల నుంచీ తీసుకోండి. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు, ప్రతి చందాకు రసీదు, మూడు నెలలకోసారి లెక్క పంచాయతీ నోటీసు బోర్డు మీద. ఇందులో చెప్పడానికి ఇంకేమీ లేదు, చేయడమే ఉంది.

స్థలం

ఎక్కువ ప్రయత్నాలు ఆగిపోయేది ఇక్కడే. చౌరస్తా మధ్యలో పెట్టాలని అందరికీ ఉంటుంది. 2013 జనవరి 18న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, జనం వాడుకునే ఇతర స్థలాల్లో విగ్రహాలకు రాష్ట్ర ప్రభుత్వాలు అనుమతి ఇవ్వకూడదు. “ఫలానా చౌరస్తాలో ఉంది కదా” అని అధికారితో వాదించి లాభం లేదు. రాత్రికి రాత్రి దిమ్మె కట్టి పొద్దున్నే విగ్రహం నిలబెట్టే పద్ధతి అసలే వద్దు. కేసులు కుర్రాళ్ల మీద పడతాయి, విగ్రహం ముసుగు వేసుకుని పోలీసు కాపలాలో నిలబడుతుంది. రుద్రుడికి ఆ గతి పట్టించకండి.

రెండో అడ్డంకి పురావస్తు చట్టం. రామప్ప, వరంగల్ కోట, వేయిస్తంభాల గుడి మూడూ కేంద్ర రక్షణలో ఉన్న కట్టడాలు. రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం. ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం, అక్కడ జాతీయ స్మారక కట్టడాల ప్రాధికార సంస్థ అనుమతి లేకుండా ఇటుక పెట్టకూడదు. గుడి ద్వారం ఎదురుగా విగ్రహం అనే ఆలోచన ఇక్కడితో వదిలేయడం మంచిది. ప్రపంచ వారసత్వ గుర్తింపు ఉన్నచోట మరింత జాగ్రత్త అవసరం.

మరి ఎక్కడ? ప్రభుత్వ పాఠశాల లేదా కళాశాల ప్రాంగణం, పంచాయతీ సొంత స్థలం, మండల కార్యాలయాల ఆవరణ, కార్పొరేషన్ పార్కు, ఎవరైనా రాసిచ్చిన ప్రైవేటు స్థలం. వీటిలో నా ఓటు బడి ప్రాంగణానికి. రోజూ చూసే పిల్లలు ఉంటారు, గేటూ గోడా ఉంటాయి, రోడ్డు వెడల్పు చేసినా విగ్రహాన్ని పీకి పక్కన పెట్టాల్సిన అవసరం రాదు. ఏ స్థలమైనా సర్వే నంబరు, యాజమాన్యం రికార్డుల్లో చూసుకోండి. పైన కరెంటు తీగలు పోతుంటే హనుమకొండలోనే ప్రధాన కార్యాలయం ఉన్న ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థకు ముందే రాయండి. జాతీయ రహదారి పక్కనైతే రోడ్డు హద్దు ఎక్కడిదాకా ఉందో కొలిపించుకోండి.

ఊళ్లో అయితే పంచాయతీ తీర్మానం, నగరంలో అయితే కార్పొరేషన్ తీర్మానం మొదట రావాలి. బడి స్థలమైతే విద్యాశాఖ రాతపూర్వక అంగీకారం, ఎక్కడైనా సరే పోలీసుల అభ్యంతరం లేదన్న పత్రం. అప్పుడు సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకు అర్జీ ఇవ్వండి. అర్జీ ఒక్క పేజీ దాటకూడదు. ఇలా రాస్తే చాలు:

“పాలంపేట శాసనంలో (1213) పేర్కొన్న కాకతీయ సేనాపతి రేచర్ల రుద్రుడి విగ్రహాన్ని, ఈ గ్రామ పంచాయతీకి చెందిన ఫలానా సర్వే నంబరు స్థలంలో, రోడ్డు హద్దుకు బయట, మా సొసైటీ ఖర్చుతో నెలకొల్పుకోవడానికి అనుమతి కోరుతున్నాము. స్థలం పటం, కొలతలు, పంచాయతీ తీర్మానం, చారిత్రక ఆధారాలు జతపరిచాము. నిర్వహణ బాధ్యత మా సొసైటీ తీసుకుంటుంది.”

రసీదు నంబరు తీసుకోకుండా కలెక్టరేట్ మెట్లు దిగవద్దు. తర్వాత ప్రతి విచారణా ఆ నంబరు మీదే నడుస్తుంది.

ముఖం ఎవరిది?

రుద్రుడి విషయంలో ఈ ప్రశ్నకు జవాబు లేదు, ఎందుకంటే ఆయనదని కచ్చితంగా చెప్పగల రూపం మనకు దక్కలేదు. శిల్పికి వదిలేస్తే ఏ పౌరాణిక సినిమా నాయకుడినో తయారు చేసి ఇస్తాడు, మెరిసే కవచం, రెండు చేతులా కత్తులు. అది మన సేనాని కాదు. రామప్ప గోడల మీది యోధులను, ఏనుగుల వరసలను, పదమూడో శతాబ్దం నాటి వీరగల్లులను దగ్గర నుంచి ఫొటోలు తీసి శిల్పి చేతిలో పెట్టండి. కత్తి పిడి, నడుముపట్టీ, చెవిపోగులు, జుట్టుముడి అన్నీ వాటి నుంచే రావాలి. గుర్రం మీద కూర్చోబెట్టాలని ఒత్తిడి వస్తుంది. ఖర్చు బాగా పెరుగుతుంది, నిలబడిన మనిషికి ఉండే నిబ్బరమూ పోతుంది. నిలువు విగ్రహం చాలు.

విగ్రహానికి వాడేవాటిలో కంచు మన్నికైనది, ఖరీదైనదీ. ఫైబర్ చవక, కానీ మన ఎండకు రంగు వెలిసి పగుళ్లు తీస్తుంది. సిమెంటు బొమ్మకు లోపలి ఇనుము తుప్పు పట్టి చేతులు ముందు రాలతాయి. డబ్బు చాలకపోతే ఫైబర్ నిలువెత్తు బొమ్మకన్నా కంచు అర్ధవిగ్రహం మేలు.

కంచు పని మెట్లుమెట్లుగా సాగుతుంది: ఇనుప చట్రం, దాని మీద మట్టి నమూనా, అచ్చు, మైనం, పోత, అతుకులు, మెరుగు. మీ అధికారం అంతా మట్టి దగ్గరే. మట్టి తడిగా ఉన్నప్పుడు ముక్కు మార్చమంటే బొటనవేలితో మారుస్తాడు, పోత పోశాక మార్చమంటే ఎవరి వల్లా కాదు. కాబట్టి మట్టి నమూనా సిద్ధమైన రోజు చరిత్ర మాస్టారునూ, ఊరి పెద్దలనూ తీసుకుని శిల్పి దగ్గరికి వెళ్లండి. ముందు నుంచి, పక్క నుంచి, కింద కూర్చుని పైకి చూస్తూ పరీక్షించండి. విగ్రహం పీఠం ఎక్కాక జనం చూసేది కింది నుంచే. ఆ కోణంలో గడ్డం బరువుగా, నుదురు చిన్నగా కనిపిస్తాయి. అందరూ సరేనన్నాక ఫొటోల మీద సంతకాలు చేసి, అప్పుడే తర్వాతి వాయిదా సొమ్ము ఇవ్వండి. ఒప్పందంలో ప్రతి వాయిదా ఒక్కో దశకు ముడిపడి ఉండాలి.

పీఠానికి కరీంనగర్ గ్రానైటు చేతికి అందేంత దగ్గరలో ఉంది. పీఠం పక్కల మీద కథ చెప్పే ఫలకాలకు జనగామ జిల్లా పెంబర్తి ఇత్తడి పనివాళ్లను అడగండి. లక్క పరుపు మీద రేకును బిగించి ఉలితో బొమ్మ తేల్చే ఆ పనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. ఓరుగల్లు సేనానికి ఓరుగల్లు సీమ చేతులే పని చేయడం నాకు ఎంతో సబబుగా తోస్తుంది. పూలదండ వేయడానికి పీఠం వెనక మెట్లు నమూనాలోనే పెట్టించండి, లేకపోతే జయంతికీ వర్ధంతికీ ఎవరో ఒకరు విగ్రహం భుజం పట్టుకుని ఎక్కుతారు.

పీఠం మీది మాటలు పొట్టిగా ఉండాలి. దాతల జాబితా వెనక్కి పోవాలి. ముందువైపు ఇంతే:

“రేచర్ల రుద్రుడు, కాకతీయ సేనాపతి. గణపతిదేవుడు చెరలో ఉన్న కాలంలో ఓరుగల్లు రాజ్యాన్ని నిలిపినవాడు. 1213లో పాలంపేట రుద్రేశ్వరాలయం కట్టించినవాడు. ఈ రూపం శిల్పి ఊహించినది.”

చివరి వాక్యాన్ని తీసేయమని కొందరు అంటారు. ఉంచండి.

ఆవిష్కరణ, ఆ తర్వాత

శాసనంలోని తిథి చైత్ర శుద్ధ అష్టమి. ఆ రోజున ఆవిష్కరిస్తే బాగుంటుంది, కాకపోతే మర్నాడే శ్రీరామనవమి. పోలీసులూ అధికారులూ ఊరూరా కల్యాణాల బందోబస్తులో ఉంటారు. ఉదయం పూట పెట్టుకుని మధ్యాహ్నానికి ముగించేలా చూసుకోండి. ఎన్నికల కోడ్ ఉంటే మంత్రులు రారు, తేదీ ఖాయం చేసే ముందే అది చూసుకోవాలి. వేదిక మీద నాయకుల కన్నా ముందు శాసనం చదివిన పండితుడూ, శిల్పీ, పెంబర్తి పనివాళ్లూ మాట్లాడాలి.

వసూలైన సొమ్ములో ఒక భాగాన్ని ఖర్చు పెట్టకుండా సొసైటీ పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. ఏటా కడగడం, మైనపు పూత, దీపం బిల్లు ఆ వడ్డీతో జరగాలి. విగ్రహం ఎవరి ఆస్తి, పాడైతే ఎవరు బాగు చేయించాలి అన్నది పంచాయతీతో లేదా బడితో రాతపూర్వకంగా తేల్చుకోండి. ఆధారాల ఫైలు ఒక ప్రతి ఆ బడి గ్రంథాలయానికి, ఒక ప్రతి భాషా నిలయానికి ఇవ్వండి.

అనుమతి నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. స్థలం మీద అభ్యంతరమైతే స్థలం మార్చి మళ్లీ అర్జీ పెట్టవచ్చు. ఆలస్యమవుతుంటే ఈలోగా అడగడానికి చిన్నవి చాలా ఉన్నాయి: బడి గ్రంథాలయానికి ఆయన పేరు, ఊరి వీధికి ఆయన పేరు, పాలంపేట దారిలోని పర్యాటక బోర్డుల మీద “కట్టించినది: రేచర్ల రుద్రుడు, 1213” అనే ఒక్క పంక్తి. వీధి పేరుకు పంచాయతీ తీర్మానంతో మొదలుపెట్టండి, బోర్డుకు పర్యాటక శాఖకు ఉత్తరం రాయండి. ఆ ఉత్తరం ఈ వారమే రాయవచ్చు, దానికి కమిటీ కూడా అక్కరలేదు.